మిసెస్ మ్వాన్సా పక్కిల్లు

కాల్గరీలో ఆ ఆదివారం ఉదయం మంచు కురుస్తోంది. చాముండేశ్వరి పెసరట్లు వేస్తుంటే, ఆమె భర్త కోదండరామ్ అల్లప్పచ్చడి గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. పిల్లల డాక్టరైన కూతురు అనన్య మెల్లగా మాట కదిపింది.

"డాడ్, లుసాకా జాబ్‌కి ఓకే చెప్పేశాను. రెండేళ్లు. ఉండేది కబులోంగాలోనే."

కోదండరామ్ చెయ్యి ప్లేట్లోనే ఆగిపోయింది.

జాంబియా రాజధాని లుసాకా శివారు ఆ కబులోంగా. ఆయన అక్కడ లెక్కల మాస్టారుగా ఉన్నప్పుడే అనన్య పుట్టింది. మూడో ఏట మలేరియా వచ్చి బిడ్డ చావు తప్పి బయటపడింది. ఆయన వెంటనే కెనడాకి అప్లై చేసి వచ్చేశాడు. మళ్లీ ఆ ఊరి పేరు ఇంట్లో ఎత్తనివ్వలేదు.

"కుదరదు! చచ్చి బతికిన చోటికి మళ్లీ వెళ్తావా? చాముండీ, నువ్వైనా చెప్పు దీనికి!"

చాముండేశ్వరి స్టవ్ కట్టేసింది. "నేనూ దానితో వెళ్తున్నానండీ. మూడు నెలలు ఉండొస్తాను."

"నీకేమైనా మతిపోయిందా?"

"మీకు ఆ జ్వరం ఒక్కటే గుర్తుంది. నాకు వీధంతా రాలిన ఊదారంగు పూలు గుర్తున్నాయి. పక్కింటి మిసెస్ మ్వాన్సా గుర్తుంది. మీరు స్కూల్లో ఉంటే, ఆ జోరువానలో బిడ్డను ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తింది ఆవిడే కదా! వెళ్లిపోదామన్నారు, వచ్చేశాను. నీకిష్టమేనా అని ఒక్క మాట అడిగారా?"

కోదండరామ్ తల దించుకున్నాడు.

"భయం చాముండీ," అన్నాడు చివరికి. "ఇప్పటికీ దీనికి ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు, నాకా ఆస్పత్రి బెంచీయే కళ్లముందు మెదులుతుంది."

ఇన్నేళ్లలో ఆయన ఆ మాట అనగా ఆమె వినలేదు. కోపం ఇట్టే కరిగిపోయింది. దగ్గరికెళ్లి భుజం మీద చెయ్యేసింది.

ఈలోగా అనన్య వీడియో కాల్ కలిపింది. తెరమీద తలకు రంగుల గుడ్డ చుట్టుకున్న ముసలావిడ ప్రత్యక్షమైంది. ఆవిడే మిసెస్ మ్వాన్సా. అనన్య అద్దెకుండబోయేది ఆవిడ ఇంట్లోనే!

"టీచర్! ఎంత ముసలివారైపోయారు!" అని ఆవిడ ఇంగ్లిషులో పకపకా నవ్వింది. "బిడ్డ గురించి దిగులా? ఆరోజు మీకంటే ముందు ఏడ్చింది నేను. దాన్ని నాకొదిలేయండి."

కోదండరామ్ కళ్లు తుడుచుకున్నాడు. "తల్లీకూతుళ్లిద్దరూ మీ దగ్గరికే వస్తున్నారు."

"మరి మీరు?"

ఆయన భార్యకేసి చూశాడు. "నాకు వంట రాదు మిసెస్ మ్వాన్సా. ఒక్కణ్ణే ఇక్కడుండి ఏం తినను? నేనూ వస్తున్నాను."

తను ఏడుస్తోందో నవ్వుతోందో చాముండేశ్వరికే తెలియలేదు.