ఇటుకబట్టీ గుంటలో బిందీవాలీ

ఢిల్లీ శివార్లలో వైశాలి దాటాక హైవే పక్కన పాత ఇటుకబట్టీ గుంట ఒకటుంది. మట్టి తవ్వి తవ్వి వదిలేస్తే వానలకి చెరువంత అయింది. ఈ మధ్య ఆ గుంట పేరెత్తితే ఆటోవాళ్ళు కూడా దణ్ణం పెట్టుకుంటున్నారు. చీకటి పడితే చాలు... నీళ్ళ మీద ఎర్రగా ఒక బొట్టు తేలుతూ వస్తుందట. బొట్టు ఒక్కటే. మొహం ఉండదు! బిందీవాలీ అని పేరు కూడా పెట్టేశారు.

ఈ సంగతి రంగనాథ్ చెవిన వేసినవాడు గుంట కాపలాదారు మహీపాల్. అదీ ఎప్పుడు — పడవ నీళ్ళలోకి తోస్తున్నప్పుడు!

రంగనాథ్‌ది నరసాపురం. ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం. వరదల్లో వాడి పారేసిన అల్యూమినియం పడవ తుక్కులో కనబడేసరికి ప్రాణం లేచొచ్చింది. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పెట్టుకుని సొట్టలు తీశాడు, నీళ్ళు కారే రివెట్లు బిగించాడు. నిలబడి గాలం వేయడానికి ప్లైవుడ్ పరిచాడు. సీటు కింద, చేపలు బతికుండేలా నీళ్ళపెట్టె కూడా అమర్చాడు. ఇక రోజూ ఆఫీసు కాగానే గుంటకే పరుగు. నెల తిరిగినా ఒక్క చేప పడితే ఒట్టు.

"ఈ ఆదివారం కొర్రమీను తేకపోయారో, సోమవారం ఈ పడవని తుక్కుకి తీసుకుపోడానికి కబాడీవాడొస్తాడు," అని భార్య భానుమతి తేల్చి చెప్పేసింది.

ఇవాళే ఆదివారం. అప్పుడే చీకటి పడుతోంది.

"సాబ్... మత్ జాయియే," వెళ్ళొద్దని మహీపాల్ గొణిగాడు.

"ఠీక్ హై భయ్యా," అని నవ్వాడు రంగనాథ్. పడవెక్కేముందు మాత్రం నీళ్ళకేసి రెండుసార్లు చూసుకున్నాడు.

గుంట మధ్యకి వెళ్ళాడు. పొగమంచు. దూరంగా లారీల లైట్లు... తర్వాత అవీ లేవు. ఎక్కడా చప్పుడు లేదు.

గాలం గుంజింది!

అంతే, దెయ్యమూ లేదు, భయమూ లేదు. చేప పడవ ముక్కు కిందికి దూరింది. రంగనాథ్ తలకి కట్టుకున్న టార్చి వెలిగించి, ముందుకి పాక్కుంటూ వెళ్ళి, నీళ్ళలోకి వంగాడు —

నీళ్ళలోంచి ఎర్రటి బొట్టు... తననే చూస్తోంది!

గాలం వదిలేస్తే పడవ పోతుంది. పట్టుకుంటే ప్రాణం పోతుంది. ఆ మనిషికి పడవే ముఖ్యమనిపించింది. కళ్ళు గట్టిగా మూసుకుని, ఆంజనేయస్వామిని తలుచుకుంటూ లాగాడు, లాగాడు... మోచెయ్యంత కొర్రమీను ధబ్బున ఒళ్ళో పడింది. ఒడ్డుకెలా చేరాడో అతనికే తెలీదు.

ఇంటికొచ్చి చేప సింకులో పడేసి, అంతా చెప్పాడు. భానుమతి కళ్ళింతలు చేసుకుని విన్నది. విని విని — ఫక్కున నవ్వి, వంటింట్లో కింద కూలబడింది.

"అది నేను పెట్టిన బొట్టండీ బాబూ! పడవ మొదటిసారి నీళ్ళలోకి పోతుంటే ఉత్త మొహంతో ఎలా పంపను? కుంకుమైతే కారిపోతుందని, మనబ్బాయి సైకిల్ రేడియం స్టిక్కర్ గుండ్రంగా కత్తిరించి పడవ ముక్కు కింద అతికించా. లైటు పడితే మెరుస్తుంది, నీళ్ళలో దాని నీడా మెరుస్తుంది!"

రంగనాథ్ నోరు తెరిచాడు. అంటే నెలరోజులుగా ఊరిని హడలగొట్టింది... తనేనా!

ఇంతలో ఇంకోటి తట్టింది.

"అచ్ఛా... మొదటిరోజే బొట్టు పెట్టేశావా? మరి కబాడీవాడికి ఇచ్చేస్తానన్నావు?"

భానుమతి నవ్వు ఆపుకుంటూ లేచి, చేప తోమడానికి రాళ్ళ ఉప్పు తీసింది.

"ఊరికే బెదిరించానండీ. బొట్టు పెట్టి పంపినదాన్ని తుక్కులో వేస్తామా ఎక్కడైనా?"