పైపులో టర్బైను, పద్దెనిమిదో అంతస్తులో తేజ

కృష్ణప్రియ మొదటిసారి చూసినప్పుడు తేజ తలనిండా షాంపూ నురగ ఉంది.

గచ్చిబౌలిలో ముప్ఫై అంతస్తుల టవర్ అది. ఇరవయ్యో అంతస్తు సర్వీస్ రూమ్‌లో నేలమీద కూర్చుని ఆమె పైపు బోల్టులు బిగిస్తోంది. టీషర్టు తిరగేసి తొడుక్కున్న ఒక యువకుడు తలుపు తోసుకుని లోపలికొచ్చాడు.

"టర్బైను పెట్టింది మీరేనాండి?"

"నేనే. ఏమైంది?"

"చూస్తే తెలియట్లేదాండి? సగం స్నానంలో నీళ్లు సన్నబడిపోయాయి. తొమ్మిదింటికి నాకు క్లయింట్ కాల్ ఉంది."

"కెమెరా ఆఫ్ చేసి మాట్లాడున్రి."

"సారీ చెబుతారనుకున్నాను."

"నా తప్పని తేలితే చెప్త. మీ షవర్‌ల చెత్త పేరుకున్నదేమో, ముందుగాల అది చూస్కోన్రి."

నవ్వాలో కోప్పడాలో అతనికి తోచలేదు. ఈలోగా నురగ కంట్లోకి జారింది. ఆమె తన బ్యాగులోంచి తువ్వాలు తీసి అందించింది. కళ్లు తుడుచుకుని అతను చూసేసరికి ఆమె పెదవి కొరుక్కుంటూ నవ్వు ఆపుకుంటోంది. దాంతో అతని కోపం సగం తగ్గింది.

మేడ మీది ట్యాంకు నుంచి నీళ్లు దిగేకొద్దీ పైపులో ప్రెషర్ పెరుగుతుంది. కింది ఇళ్లలో కుళాయిలు దెబ్బతినకుండా ఇరవయ్యో అంతస్తులో ఒక వాల్వు పెట్టి ఆ జోరును తగ్గిస్తారు. అలా వృథాగా పోయే జోరుతోనే కృష్ణప్రియ చిన్న టర్బైను తిప్పుతోంది. అది పుట్టించే కరెంటుతో సెల్లార్‌లో దీపాలు వెలుగుతున్నాయి. తోటివాళ్లంతా మెకానికల్ చదివి సాఫ్ట్‌వేర్‌లో చేరిపోతే, ఆమె మాత్రం బాలానగర్‌లో తండ్రి వెంకటనారాయణ నడిపే లేత్ వర్క్‌షాప్‌లో ఈ టర్బైను తయారుచేసింది. ఇదే మొదటిది. నెల రోజులు పెట్టి చూస్తామంది టవర్ అసోసియేషన్. ఇక్కడ నెగ్గితే కొత్తగూడలో ఇంకో టవర్ సిద్ధంగా ఉంది. నెగ్గకపోతే ఆ పైన ఎవరూ పిలవరు.

తేజ షవర్ విప్పి చూశాడు. చెత్త లేదు. ఆ మాట చెప్పడానికి మర్నాడు పైకెక్కాడు. ఆ తర్వాత వేరే ఏ మాటా లేకపోయినా ఎక్కడం మొదలుపెట్టాడు.

"ఆఫీసు బస్సు మిస్ కాదా మీకు?" అని అడిగేది ఆమె.

"ఇంకోటి వస్తుందండి."

అతను తన బాత్రూమ్ పైపుకి ఒక చిన్న మీటరు తగిలించి ప్రెషర్ లెక్క ఫోన్లోకి వచ్చేలా చేశాడు. ఆమె తప్పును పట్టుకోవాలనే మొదలుపెట్టాడు. తీరా పట్టుకున్నాక మాత్రం ఆ రోజంతా అతనికి ఏమీ తోచలేదు. టర్బైను ఉంచాలో వద్దో తేల్చే అసోసియేషన్ మీటింగ్ మర్నాడే. ఆ సాయంత్రం వాన పడుతుంటే సర్వీస్ రూమ్ కిటికీ దగ్గర ఆమెకు ఫోన్ చూపించాడు.

"పొద్దున అందరూ ఒకేసారి కుళాయిలు తిప్పగానే ప్రెషర్ పడిపోతోందండి. మిగతా వేళల్లో బానే ఉంది." ఫోన్ ఆమె చేతికిచ్చి, "మీరు వద్దంటే రేపు ఇది బయటపెట్టను," అన్నాడు.

ఆమె ముఖం మారిపోయింది. "నా మీద జాలి పడుతున్నరా?"

"అయ్యో, జాలి కాదండి."

"మరేంది?"

అసలు మాట అతని నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె ఫోన్ తిరిగి అతని చేతిలో పెట్టి, వానలోకి చూస్తూ, "నాకు గ్రాఫ్ పంపున్రి," అని వెళ్లిపోయింది.

మీటింగ్‌లో అందరికంటే ముందు లేచింది ఆమే. ఆ గ్రాఫ్‌ని గోడమీద పెద్దగా చూపించింది. "పద్దెనిమిదో అంతస్తు తేజగారు కొలిచిన లెక్క ఇది. కరెక్టే ఉన్నది. పొద్దున పూట టర్బైను ఎక్కువ జోరు గుంజుతున్నది, తప్పు నాదే. వారం టైమియ్యున్రి, సరిచేస్త. చెయ్యకుంటే నేనే విప్పి తీస్కపోత."

అసోసియేషన్ ప్రెసిడెంట్ పట్టాభిరామయ్య కళ్లజోడు సర్దుకున్నారు. "మా టవర్లో ఇలా తప్పు ఒప్పుకున్నవాళ్లని ఇంతవరకు చూడలేదమ్మా. వారం తీసుకో."

వెనక వరసలో కూర్చున్న తేజకు గర్వంగా అనిపించింది. తనకు గర్వమెందుకో ఆలోచించుకుంటే జవాబు తేలిగ్గానే దొరికింది.

ఆదివారం జోరువానలో బైక్ ట్యాక్సీ మీద బాలానగర్ వెళ్లాడు. వర్క్‌షాప్ గుమ్మంలో తడిసి ముద్దై నిలబడ్డ మనిషిని వెంకటనారాయణ పైనుంచి కిందిదాకా చూశాడు.

"ఎవరు బిడ్డా?"

"కంప్లయింట్ చేసినాయన, బాపూ."

"గింత వానల అచ్చిండంటే పెద్ద కంప్లయింటే ఉంటది," అని ఆయన చాయ్ తేవడానికి బయటికి నడిచాడు.

కృష్ణప్రియ లేత్ ఆపింది.

"నాది జాలి కాదని చెప్పడానికి వచ్చానండి," అన్నాడు తేజ. "మీరంటే ఇష్టం. ఆ రోజే చెప్పాల్సింది. చెబితే టర్బైను వంకతో చెప్పినట్టుంటుందని ఆగిపోయాను."

రేకుల మీద వాన హోరు.

"టర్బైను సరి కానియ్యున్రి. రెండు పనులు ఒక్కసారి పెట్టుకోను," అంది. అయితే చెవులు ఎర్రబడ్డ సంగతి ఆమెకు తెలియదు. అతను చూశాడు.

అతన్ని ఖాళీగా కూర్చోనివ్వలేదు. తిరిగే రెక్కల వంపు తగ్గించి మళ్లీ కోస్తుంటే కొలతలు చదవడం అతని పని. వాడకం పెరిగినప్పుడు నీళ్లు టర్బైను తాకకుండా పోయేందుకు పక్కన ఇంకో లావుపాటి పైపు కూడా కలిపింది ఆమె.

గడువులోపే ఒక పొద్దున టర్బైను మళ్లీ తిరిగింది. టవరంతా స్నానాల వేళ. తేజ ఫోన్లో ప్రెషర్ గీత ఎక్కడా పడిపోకుండా తిన్నగా సాగింది. కింద సెల్లార్‌లో దీపాలు వెలుగుతున్నాయని వాచ్‌మన్ ఫోన్ చేశాడు. ఆ వెంటనే తేజ తల్లి నాగేశ్వరి ఫోన్.

"వంటింట్లో నీళ్లు బ్రహ్మాండంగా వస్తున్నాయిరా. ఆ అమ్మాయిని టిఫినుకి తీసుకురా. రోజూ పైకెళ్లి ఏం చూస్తున్నావో నేనూ చూడాలిగా."

స్పీకర్ ఆన్‌లో ఉంది. తేజ తల దించుకున్నాడు. కృష్ణప్రియ చేతులు తుడుచుకుని లేచింది.

"ముందే చెప్తున్న. లగ్గమైనా వర్క్‌షాప్ ఇడిచిపెట్ట."

"నేనింకా అడగలేదండి."

"అడుగున్రి మరి. కొత్తగూడోల్లు పదకొండింటికి రమ్మన్నరు."

"నన్ను పెళ్లి చేసుకుంటారా?"

"చేసుకుంట."

అంత సూటిగా వచ్చిన జవాబుకు అతను తేరుకునేలోపే ఆమె అతని చెయ్యి పట్టుకుని లిఫ్టు వైపు నడిచింది.

"మీ అమ్మకు మనమే చెప్దాం. లేకుంటే టవర్ వాట్సాప్ గ్రూపుల చదువుకుంటది," అంటూ పద్దెనిమిది నొక్కింది.