ఖాళీ స్థలానికి ఇద్దరు సాక్షులు

నాచారంలో దారం మిల్లు కార్మికుల కాలనీ పార్కు అంటే ఆటోవాళ్ళకి కూడా హడల్. పగలంతా పిల్లల గోలే. రాత్రి తొమ్మిది దాటిందా... వేపచెట్టు కింద సిమెంటు బెంచీ దగ్గర బీడీ వాసన వస్తుందట, మనిషి మాత్రం కనబడడట. హబ్సిగూడ నుంచి వచ్చే ఆటో మలుపులోనే ఆగి, "జర నడువున్రి అన్నా" అని వెనక్కి తిరుగుతుంది.

డిప్యూటీ తహసీల్దారు గిరిప్రసాద్ ఇవన్నీ విన్నాడు. నమ్మలేదు. కాకినాడ నుంచి ఈ ఉద్యోగంలోకి వచ్చి పన్నెండేళ్ళయింది, ఇంతవరకూ ఏ దెయ్యమూ తనకి అర్జీ పెట్టుకోలేదని నవ్వేవాడు.

ఆ రాత్రి ఆయన భయం వేరు.

ఆ పార్కుని పార్కింగ్ కాంప్లెక్సు కోసం భూసేకరణ కింద తీసుకుంటున్నారు. కార్మికులు నెలనెలా జీతంలోంచి కోత పెట్టుకుని కొన్న జాగా అది. ఇవ్వమంటే ఇవ్వమని కాలనీ మొత్తం కోర్టుకెక్కింది. పొద్దున విచారణ. స్టే వచ్చేలా ఉంది. ఈలోపే స్థలం స్వాధీనమైనట్టు పంచనామా రాసెయ్యాలి. దాని మీద స్థానికులు ఇద్దరు సాక్షి సంతకం చెయ్యాలి. సంతకాలు లేకుండా ఆఫీసుకి రావద్దని పైనుంచి ఫోను.

పంచనామా ఆఫీసులోనే రాసుకొచ్చాడు. అది అలవాటే — స్థలం చూసి రాయడం కాదు, రాసుకొచ్చి స్థలం చూడడం.

కాలనీలో ఏ తలుపు కొట్టినా ఎవరూ తియ్యలేదు. పదకొండుంబావుకి పార్కు గేటు దగ్గరికి వస్తే, కొలతల గొలుసు పట్టే దుర్గేష్ అక్కడే ఆగిపోయాడు.

"సార్... నేను గీడనే ఉంట."

"లోపలెవరో ఉన్నారయ్యా!"

ఉన్నారు. బెంచీ మీద ఒక ముసలాయన, ఒక ముసలామె.

"పెద్దాయనా, మీరు ఇక్కడివాళ్ళేనా?"

"ఈడోల్లమే. యాడికి పోతం?"

"చిన్న సంతకం కావాలి."

"ముందుగాల ఆమెకియ్యి సారూ. రాత్రి బడిల సదువుకున్నది. సదవంది నన్ను దేనిమీద సంతకం జెయ్యనియ్యది."

గిరిప్రసాద్ ఫోను లైటు వేసి పట్టుకున్నాడు. ముసలామె అక్షరం కింద వేలు పెట్టి, కూడబలుక్కుంటూ మొదలెట్టింది.

"ఈ... స్థలము... ఖాళీగా... ఉన్నది..."

లైటు ఆరిపోయింది.

ఫోను చచ్చిపోయింది. ఇందాక చూస్తే సగానికి పైగా చార్జింగ్ ఉంది. చుట్టూ చిమ్మచీకటి... కాగితం మీద వేలు పాకుతున్న చప్పుడు... చదువు మాత్రం ఆగలేదు.

"ఎవ్వరును... వాడుట... లేదు..."

గిరిప్రసాద్ ఫోను బటన్ నొక్కి చూశాడు, వెలగలేదు.

"ఎవ్వరు వాడుతలేరా సారూ?" ముసలామె గుసగుసగా అడిగింది. "మేం రోజొస్తం గద."

"అది... ఫార్మాటమ్మా. అన్నిటికీ అట్లాగే రాస్తాం."

"మంచిగున్నది!" ముసలాయన నవ్వాడు. "మనిషిని ఎదురుంగ కూసోబెట్టుకొని ఎవ్వరు లేరని రాసుడేంది?"

"పెడతారా... పెట్టరా?" తన గొంతు తనదే అనిపించలేదు గిరిప్రసాద్‌కి.

"పెడ్తం. మేమున్నమని కాయితం మీద ఉండాలె గద. పెన్ను దే."

తిరిగొచ్చిన పెన్ను ఐసుగడ్డలా చల్లగా ఉంది. ఆధార్ కార్డులు అడగలేదని గుర్తొచ్చేసరికి, ఆయన దుర్గేష్‌ని కూడా దాటేసి ఉప్పల్ రోడ్డు మీద ఉన్నాడు.

పొద్దున కోర్టులో ప్రభుత్వ వకీలు దర్జాగా పంచనామా పెట్టాడు. స్వాధీనం అయిపోయింది, సాక్షులు మొగిలయ్య, సాలమ్మ అన్నాడు.

కాలనీ ఆడవాళ్ళలోంచి ఆమని అనే ఆమె దిగ్గున లేచింది. కాలనీ వకీలు హరిచందన చెవిలో ఏదో చెప్పి, పరుగున బయటికి పోయింది. మధ్యాహ్నానికి గోడ మీది ఫోటో దండతో సహా పట్టుకొచ్చింది. రెండో చేతిలో రెండు డెత్ సర్టిఫికెట్లు.

"మా అత్తమామలు సార్. పోయి ఎనిమిదేండ్లయింది."

జడ్జి కళ్ళజోడు తీసి గిరిప్రసాద్ వంక చూశాడు. "ఏమయ్యా, ఈ సంతకాలు నువ్వే పెట్టుకున్నావా?"

అవునంటే ఉద్యోగం పోతుంది, ఆపైన జైలు. గిరిప్రసాద్ తల అడ్డంగా ఊపబోయి ఫోటో వంక చూశాడు. చూపు తిప్పుకోలేకపోయాడు.

"లేదు సార్... వీళ్ళే." ఫోటో వైపు చెయ్యి చూపించి మళ్ళీ అన్నాడు. "వీళ్ళే సార్. నా ఎదురుగా చదివి పెట్టారు."



పంచనామా చెల్లదని, పార్కు జోలికి వెళ్ళొద్దని అప్పటికప్పుడే ఆర్డరు వచ్చింది. గిరిప్రసాద్ బయటికి నడిచాడు. వరండాలో ఆమని ఎదురొచ్చింది. ఫోటో గుండెకి ఆనించుకుని ఉంది. కళ్ళలో నీళ్ళు, గొంతులో మాత్రం జంకు లేదు.

"ఇంకో కాయితం రాస్తరు గద సార్ మీరు? రాసుకోండ్రి. ఎప్పుడన్న రాండ్రి. పగలు మేముంటం... రాత్రి వాళ్ళుంటరు."