పసుపాకు చల్లదనం

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అంటారు. ఆ మాట అన్నవాళ్ళు బర్ సఫా చూడలేదు. ఆ గల్ఫ్ నగరంలో ఏడాదికి తొమ్మిది నెలలు రోహిణి కార్తే. జూలైలో పొద్దున పదకొండింటికే యాభై ఆరు డిగ్రీలు. అలాంటి పదకొండు గంటల వేళ లింబాద్రి నడివీధిలో నిలబడి, ఎండలో కాగికాగి ఉన్న ఇనప పైపును ఒట్టి అరచేత్తో నిమురుతూ, "అబ్బ, ఎంత సల్లగున్నది!" అనుకుంటున్నాడు.

మతి పోయిందనుకోకండి. లింబాద్రి ఆ వీధిలో లేడు. అక్కడికి నాలుగు కిలోమీటర్ల దూరాన, నేల కింద మూడో అంతస్తులో, ఏసీ హాల్లో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. వీధిలో ఉన్నది అతని బొమ్మ.

కంపెనీ కాగితాల్లో దానికి బారెడు పేరుంది, కాని ఆ హాల్లో కూర్చునే నాలుగు వందల మందీ బొమ్మ అనే అంటారు. రెండు కాళ్ళు, రెండు చేతులు, కళ్ళ స్థానంలో రెండు కెమెరాలు. ఆపరేటర్ భుజాల దాకా ఒక తొడుగు వేసుకుని, తలకు హెడ్‌సెట్ పెట్టుకుంటాడు. అతను చెయ్యి ఎత్తితే బొమ్మ చెయ్యి ఎత్తుతుంది. బొమ్మ దేన్ని ముట్టుకుంటే అది అతని చేతికి తగిలినట్టే ఉంటుంది. గరుకుదనం, బరువు, అదురు, అన్నీ తెలుస్తాయి.

మరి అంత దూరం నుంచి పని చేయగలిగినప్పుడు జగిత్యాలలో ఇంట్లో కూర్చునే చెయ్యొచ్చు కదా, ఎడారికి పోవడం దేనికి అని మీకు అనుమానం రావాలి. లింబాద్రి భార్యకూ వచ్చింది. జగిత్యాల నుంచి సిగ్నల్ వెళ్ళి రావడానికి రెప్పపాటులో సగం పడుతుంది. కబుర్లకైతే ఫరవాలేదు. వెల్డింగ్ చేసే చేతికీ చూసే కంటికీ మధ్య అంత ఆలస్యం వస్తే మాత్రం పని చెడుతుంది. అందుకని మనిషి ఆ ఊళ్ళోనే ఉండాలి, కాని బయట అడుగు పెట్టకూడదు. ఏడేళ్ళుగా లింబాద్రి పడుకునే గది నుంచి లిఫ్ట్‌లో హాలుకు, హాలు నుంచి లిఫ్ట్‌లో గదికి. నగరాన్నంతా బొమ్మ కళ్ళతోనే చూశాడు.

బొమ్మలు రాకముందు రెండేళ్ళు అదే ఊళ్ళో ఎండలో తాపీ పని చేశాడు. అప్పటి బొబ్బల మచ్చలు అరచేతుల్లో ఇంకా ఉన్నాయి. ఉంటే ఏం లాభం? మచ్చలు మిగిలాయి గాని మంట మరిచిపోయాడు. మరిచిపోయేలా చేసింది డాక్టర్ కాత్యాయని.

ఆవిడది తెనాలి. తొడుగు తయారు చేసిన ఇంజనీర్లలో ముఖ్యురాలు. చెడ్డ మనిషి కాదు, ముందే చెబుతున్నాను. మొదట్లో తొడుగు వేడిని కూడా ఉన్నదున్నట్టు అందించేది. ఏసీ హాల్లో కూర్చున్న మనుషుల చేతులు సలసల కాగిపోయేవి. పాపం అనిపించి కాత్యాయని వేడిని పూర్తిగా తీసేసింది. అప్పుడు ఇంకో తంటా వచ్చింది. చేతికి చలీ వేడీ ఏదీ తెలియకపోతే అది తన చెయ్యి కాదని మెదడు అనుకుంటుందట. పట్టుకున్న పానాలు జారిపోయాయి, పైపులు పడిపోయాయి. ఏదో ఒక ఉష్ణోగ్రత ఇవ్వక తప్పదు. ఎలాగూ ఇవ్వాలి కనుక హాయిగా ఉండేదే ఇద్దామనుకుంది. ఒక్కొక్కళ్ళనీ పిలిచి అడిగింది.

"లింబాద్రి గారూ, మీ చేతికి బాగా ఇష్టమైన చల్లదనం ఏదండీ? ఫ్రిజ్ నీళ్ళు అనకండి, అందరూ అదే చెబుతున్నారు."

లింబాద్రి చాలాసేపు ఆలోచించాడు. "కార్తీకంల పొద్దుగాల పసుపు చేన్ల నడుస్తుంటే ఆకులు చేతికి రాస్కుంటయి మేడమ్. మంచు పడి ఉంటయి. గా సల్లదనం."

కాత్యాయని అది రాసుకుంది. ఆ ప్రోగ్రామ్‌కు "ఉదయం" అని పేరు పెట్టింది. ఆ రోజు నుంచి ఎండలో కాగిన ఇనుము ముట్టుకున్నా, కుతకుతలాడే తారు ముట్టుకున్నా లింబాద్రి చేతికి మంచు పడ్డ పసుపాకే. ఆపరేటర్లు ఆవిడకు దండం పెట్టారు.

ఒక్క పని మాత్రం బొమ్మలకు చేతకాలేదు. తమ కీళ్ళు తాము బాగు చేసుకోలేవు. బొమ్మ వేళ్ళు లావు, మోకాలి సందులోకి దూరవు. బొమ్మ మొరాయిస్తే ఐసు జాకెట్ తొడుక్కుని నిజం మనిషి, మెకానిక్, బయటికి రావాల్సిందే. ఇరవై నిమిషాలు, అంతకు మించకూడదు. ఇరవై కాగానే జాకెట్ కూస్తుంది. పక్కనున్న బొమ్మ ఆపరేటరే అతనికి కాపు. మెకానిక్‌ను చూసి రెండు బటన్లలో ఒకటి నొక్కాలి. పచ్చది నొక్కితే మనిషి బాగున్నాడని. ఎర్రది నొక్కితే నాలుగు నిమిషాల్లో అంబులెన్స్ వస్తుంది.

లింబాద్రి తమ్ముడు భూమేష్ అలాంటి మెకానిక్. కోరుట్లలో బైకులు బాగు చేసుకునేవాడు. ఉన్న ఊళ్ళో బాగానే ఉన్నాడు, పెళ్ళయింది, బిడ్డ పుట్టింది. రమ్మన్నది అన్నే. "ఎండకు తట్టుకుంటనా అన్నా?" అని ఫోన్లో అడిగితే, "ఎండదేమున్నదిరా! మనిషే బుగులు వెట్టుకుంటడు గని. నాకైతే రోజూ పసుపు చేన్ల నిలవడ్డట్టే ఉంటది, రా" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. చేతికి తెలిసిందే చెప్పాడు.

ఇక ఆ పదకొండు గంటల సంగతి. నగరానికి నీళ్ళు మోసే పైపు దగ్గర లింబాద్రి బొమ్మ కుడి మోకాలు పట్టేసింది. బాగు చేయడానికి వచ్చింది భూమేష్. ఆ రోజు ఇద్దరికీ తొందరే. బర్ సఫా గడియారంలో పన్నెండయ్యేసరికి అక్కడ వేములవాడలో భూమేష్ కూతురికి పుట్టువెంట్రుకలు తీస్తున్నారు. అన్నదమ్ములిద్దరూ క్యాంటీన్లో కూర్చుని ఫోన్లో చూడాలని వారం నుంచి అనుకుంటున్నారు.

ఇరవై నిమిషాలు కాగానే జాకెట్ కూసింది.

"అన్నా, ఇంక రెండే బోల్టులు," అన్నాడు భూమేష్. అతని మాట బొమ్మ చెవిలోంచి లింబాద్రికి పక్కనే ఉన్నట్టు వినిపించింది. "ఇప్పుడు లోపటికి వోతే మళ్ళ మూడు గంటలు రానియ్యరు. మోకాలు కానిది నిన్ను సుత కుర్చీలకెల్లి లేవనియ్యరు. ఇద్దరం కూసోని బిడ్డను సూసుడు కాదు, మోకాలు సూసుడే అయితది."

లింబాద్రి ఒక్క క్షణం తటపటాయించాడు. బొమ్మ అరచెయ్యి పైపు మీద ఉంది. చల్లగా ఉంది.

"కానియ్యి తమ్మీ. రెండు బోల్టులకు ఏమైతది!" అని పచ్చ బటన్ నొక్కాడు.

రెండు బోల్టులకు తొమ్మిది నిమిషాలు పట్టింది. రెండోది బిగించి భూమేష్ అక్కడే, బొమ్మ నీడలో, కాళ్ళు చాపుకుని కూలబడ్డాడు.

"తల గిర్రున తిరుగుతున్నదన్నా."

జాకెట్ మళ్ళీ కూసింది. అది కూయడం మామూలే. తడి తగిలినా కూస్తుంది, బ్యాటరీ తగ్గినా కూస్తుంది. యంత్రం వంద చెప్పనీ, మనవాడు చేత్తో చూస్తే గాని నమ్మడు. లింబాద్రి బొమ్మను వంచాడు. అరచెయ్యి తిప్పి, చిన్నప్పుడు వాళ్ళమ్మ చూసినట్టే, చేతి వెనక భాగాన్ని తమ్ముడి నొసటికి ఆనించాడు. తర్వాత మెడకు ఆనించాడు.

చల్లగా ఉంది. మంచు పడ్డ పసుపాకులాగా ఉంది.

"ఏం లేదుపో. ఒళ్ళు సల్లగనే ఉన్నది," అన్నాడు. "పొద్దుగాల తిన్నవా?"

"తిన... లే."

"గందుకే. జెరసేపు కండ్లు మూస్కో. బిడ్డను గుళ్ళె కూసోవెట్టంగనే లేపుత."

పచ్చ బటన్ నొక్కాడు. నొక్కి, బొమ్మను కాస్త పక్కకు జరిపి, ఎండ తమ్ముడి ముఖం మీద పడకుండా అడ్డం నిలబెట్టాడు. అంత ప్రేమగా చూసుకున్నాడండీ.

పావుగంటకు ఫోన్ మోగింది. వేములవాడలో బిడ్డను మేనమామ ఒళ్ళో కూర్చోబెట్టారు. "తమ్మీ, లే! కత్తెర వట్టిండ్రు!" అన్నాడు లింబాద్రి. భూమేష్ లేవలేదు. భుజం పట్టి కుదిపాడు. తల ఒక పక్కకు ఒరిగిపోయింది. అప్పుడు నొక్కాడు ఎర్ర బటన్. అంబులెన్స్ చెప్పినట్టే నాలుగు నిమిషాల్లో వచ్చింది. పావుగంట ముందు పిలిచి ఉంటే బతికేవాడని డాక్టర్ అన్నాడు. ఫోన్లో బిడ్డ ఏడుపూ నవ్వులూ వినిపిస్తూనే ఉన్నాయి, ఆపడానికి లింబాద్రికి చేతులు రాలేదు.

కంపెనీ విచారణ రెండు రోజుల్లో ముగిసింది. యంత్రాల్లో ఏ లోపమూ లేదు. "ఉదయం" చేయాల్సిన పని చేయాల్సినట్టు చేసింది. కాపు రెండుసార్లు పచ్చ బటన్ నొక్కాడు. అంతే.

తమ్ముడి శవంతో విమానం ఎక్కే ముందురోజు సాయంత్రం లింబాద్రి కాత్యాయని ల్యాబ్‌కు వచ్చాడు. ఆవిడ లేచి నిలబడింది. మూడు రోజులుగా నిద్ర లేని ముఖం.

"మేడమ్, ఒక్కటడుగుత. బొమ్మ చేతికి తెల్సా?"

ఏమిటని ఆవిడ అడగలేదు. "తెలుసండీ. సెన్సార్ ఎప్పుడూ నిజమే చూస్తుంది. మీ తమ్ముడి నుదురు నలభై రెండు పాయింట్ ఆరు."

"మరి నాకెందుకు చెప్పలే?"

"చెప్పకూడదనే కదా లింబాద్రి గారూ, నేను దాన్ని చేసింది." అంది ఆవిడ. "ఇనుము, తారు, సిమెంటు అన్నీ ఆలోచించాను. మీ చేతికి మనిషి తగులుతాడని ఆలోచించలేదు."

లింబాద్రి తిట్టి ఉంటే ఆవిడకు బాగుండేది.

"మొన్న రాత్రే 'ఉదయం' ఆపేశాను," అంది. "నిన్న మధ్యాహ్నానికల్లా మూడు వందల మంది సంతకాలు పెట్టి, మళ్ళీ కావాలని కాగితం ఇచ్చారు. చేతులు కాలిపోతున్నాయంటున్నారు."

"పెడ్తరు మేడమ్. నేనున్నా పెడుదును." కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. "గా రోజు చేతికి తగిలింది దాచి ఉంచిండ్రా?"

"రికార్డింగ్ ఉంది."

"నా చేతికి వెట్టుండ్రి. ఉన్నది ఉన్నట్టు."

ఆవిడ వద్దంది. నచ్చజెప్పింది. అతను కదలలేదు. చివరికి కుడిచేతి తొడుగు తెచ్చి ఆవిడే తొడిగింది. తొడుగు లోపల చిన్న చిన్న మోటార్లు ఉంటాయి. రికార్డింగ్ పెడితే ఆ రోజు చెయ్యి ఎటు కదిలిందో ఇప్పుడూ అటే కదుపుతాయి. "నుదురు ముట్టుకున్నది మూడు సెకన్లేనండీ," అని చెప్పి, ఆవిడ ఆన్ చేసింది.

తొడుగు అతని చేతిని ఎత్తింది. తిప్పింది. చేతి వెనక భాగం గాల్లో దేనికో ఆనింది. చెమట లేని పొడి చర్మం తగిలింది. తమ్ముడు చిన్నప్పుడు గోడ మీది నుంచి పడ్డప్పటి గీత, కుడి కనుబొమ పైన, వేలికి తగిలింది. ఆ వెంటనే వేడి తగిలింది.

"అవ్వో!" అన్నాడు లింబాద్రి. "కాలిపోతున్నది! మేడమ్, వీనొళ్ళు కాలిపోతున్నది! పిలువుండ్రి, ఎవ్వలనన్న పిలువుండ్రి!" ఎడమచెయ్యి బల్ల మీద ఎర్ర బటన్ కోసం వెతికింది. అక్కడ కాగితాలూ, చల్లారిన టీ కప్పూ తప్ప ఏమీ లేవు.

మూడు సెకన్లు అయిపోయాయి. తొడుగు అతని చేతిని మెల్లగా పైకి లేపసాగింది. లింబాద్రి ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకుని కిందికి నొక్కాడు. మోటార్లు ఆగలేదు.

"ఆగు... ఆగుమను మేడమ్!"

"అది రికార్డింగ్ అండీ," అంది కాత్యాయని. కళ్ళనీళ్ళకు ఆవిడకు స్క్రీన్ కనిపించడం లేదు. "ఆ రోజు అక్కడ మీరు చెయ్యి తీసేశారు."

చెయ్యి గాల్లో ఆగింది. తొడుగు విప్పబోయిన ఆవిడను లింబాద్రి ఆపాడు.

"ఇంకొక్కసారి వెట్టుండ్రి మేడమ్," అన్నాడు. "ఈసారి తియ్య."