మూత దగ్గర కాపలా

మా ఓడ డెక్ మీద నిలబడితే సముద్రం సరిగా కనపడదు. ఎటు చూసినా అంతస్తులంతస్తులుగా పేర్చిన కంటెయినర్లే. నేను డెక్ మీద పనివాణ్ణి, మా బావ అదే ఓడలో ఫిట్టర్. బావ నోరు తిన్నగా ఉండదు. "టైమెంతయింది బావా?" అంటే "నీకు బుద్ధొచ్చే టైమింకా కాలేదు" అంటాడు. నన్ను పేరు పెట్టి పిలిచి ఎరగడు, "నిద్రమొహం" అనే పిలుస్తాడు.

ఓడ ఎక్కేముందు, కడుపుతో ఉన్న అక్క నా చెయ్యి పట్టుకుంది. "మీ బావని క్షేమంగా తీసుకురారా. నీదే పూచీ" అంది. సరేనన్నాను.

ఆ రోజు పట్టపగలు. ఓడ నిలకడగా తేలడానికి అడుగున సముద్రపు నీళ్లు నింపే ట్యాంకులుంటాయి. ఖాళీ చేసిన ఒక ట్యాంకులో నిచ్చెన మెట్టు ఊడితే బిగించడానికి బావ దిగాడు. మనిషి పట్టేంత కన్నం, పక్కన తీసిపెట్టిన ఇనప మూత, వాకీటాకీ పట్టుకుని నేను కాపలా. చీఫ్ ఆఫీసర్ ఒకటికి పదిసార్లు చెప్పాడు: "లోపల గాలి ఎప్పుడు విషమవుతుందో తెలీదు. ఎవరు పిలిచినా దిగకు. అలారం కొట్టు. కాపాడబోయినవాడే ముందు పోతాడు."

కన్నంలోంచి తుప్పు వాసన, మురిగిన ఉప్పునీటి వాసన వస్తున్నాయి. కింద సుత్తి చప్పుడు వినపడుతూనే ఉంది. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఎక్కడో నీటిచుక్క పడుతోంది... టప్... టప్...

"బావా, ఎలా ఉంది?" అన్నాను వాకీటాకీలో.

"బాగానే ఉన్నాను."

అంతే. వెటకారం లేదు, తిట్టు లేదు. నాకెందుకో నచ్చలేదు.

అప్పుడు కన్నంలోంచే, వాకీటాకీలో కాదు, సన్నగా గొంతు వినపడింది. "ఒరేయ్ నిద్రమొహం... కాలు ఇరుక్కుందిరా..."

వెంటనే నా చేతిలో వాకీటాకీ కూడా బావ గొంతుతోనే పలికింది. "ఎవరు పిలిచినా దిగకు."

లోపల బావ ఒక్కడే ఉన్నాడు. మరి పిలిచేదెవరు?

"బావా..." వాకీటాకీ నొక్కి, కన్నంలోకి వంగి అడిగాను. "అక్క ఎలా ఉందట?"

"బాగుంది," అంది వాకీటాకీ.

"నీ మొహం కన్నా బాగుంది, దిగరా వెధవా!" అంది కింద గొంతు. ఆ మాట చివర ఏడుపు ఉంది.

కాలు ముందుకేశాను. వెనక్కి తీశాను. చెయ్యి అలారం మీదికి పోతుండగా... కన్నం అంచు మీద ఒక చెయ్యి పడింది.

బావ పైకొచ్చాడు. అదే హెల్మెట్, అదే గడ్డం కింద మచ్చ. ఆ పొయ్యిలాంటి ట్యాంకులో అంతసేపు పనిచేసినా మొహాన చెమట చుక్క లేదు.

"మూత వేద్దాం," అన్నాడు.

"లోపల ఎవరో..."

"ఎవరూ లేరు."

టార్చి వేసి చూశాను. చీకటి తప్ప ఏమీ లేదు. దిగింది ఒక్కడు, వచ్చింది ఒక్కడు. లెక్క సరిపోయింది. నట్లు నేనే అందించాను. ఆఖరిది బిగిస్తుంటే మూత కింద ఎవరో అరిచేత్తో కొట్టారు. నెమ్మదిగా... మళ్లీ... బావ చెయ్యి ఆగలేదు.

"పైపుల్లో గాలి," అన్నాడు.

నమ్మాను. నమ్మకపోతే ఏం చెయ్యాలో తెలియలేదు. సాయంత్రం పంపులు వేసి ఆ ట్యాంకు నింపేశారు.

ఓడలో గడువు ముగిసి బావ ఇల్లు చేరాడు. నేను మాత్రం ఏదో సాకు చెప్పి ఓడలోనే ఉండిపోయాను. నిన్న అక్క వీడియో కాల్ చేసింది. వెనకాల బావ పాపని ఒళ్లో వేసుకుని ఊపుతున్నాడు.

"ఏంట్రా, మీ బావ నన్ను ఒక్క మాటైనా ఆటపట్టించడం లేదు," అంది అక్క. తర్వాత గొంతు తగ్గించింది. "నిద్రలో మాత్రం పాత మనిషేరా. 'ఒరేయ్ నిద్రమొహం, మూత తియ్యరా' అని రాత్రంతా ఏడుస్తాడు. ఏ మూతరా?"

అక్క వెనకాల, బావ పాపని ఊపడం ఆపాడు.