ఉక్కు పలక అవతల

పైన పట్టపగలు. అమ్మ ఈపాటికి పులిసిన క్యాబేజీ సూపు పొయ్యి మీద పెట్టి ఉంటుంది. కింద, ఒస్త్రావా ఊరి దగ్గరి మా బొగ్గు గనిలో, నేనూ విలేం బాబాయీ ఒక ఉక్కు పలక ముందు నిలబడ్డాం. నా చిన్నప్పుడు లోపల మంటలు లేస్తే, ఐదుగురు మనుషులుండగానే సొరంగాన్ని ఈ పలకతో మూసేశారు. వాళ్లలో ఒకడు మా నాన్న. రేపు గనిని నీళ్లతో నింపేస్తారు. ఆయన ఎముకలు తెచ్చుకోవడానికి ఇదే ఆఖరి రోజు.

లోపల ఇంకా మండే గ్యాసుంది. ఒక్క నిప్పురవ్వ చాలు, ఇద్దరం బూడిదే. అందుకే నీటితో కోయాలి. పంపు తోసే ఇసుక నీళ్లు సూదిబెజ్జమంత రంధ్రంలోంచి దూసుకొస్తే ఉక్కైనా తెగాల్సిందే.

"నీళ్లతో ఉక్కు కోస్తావా? రేపు సూపుతో బొగ్గు తవ్వుతావేమో!" నవ్వాడు బాబాయ్. నాన్నతో పనిచేసినవాడు. ఆ నవ్వులో భయముంది.

పలక మీద మనిషి దూరేంత గుండ్రంగా కోత మొదలుపెట్టాను. చెవులు చిల్లులు పడే కూత. తడి ఉక్కు వాసన, దాని వెనక పాత పొగ వాసన. సగం చుట్టు తెగేసరికి పంపు ఆగిపోయింది.

టక్... టక్... టక్...

లోపలినుంచి.

బాబాయ్ నా జబ్బ పట్టుకున్నాడు. "పోదాం పదవే యిట్కా," గుసగుసలాడాడు. "ఆ రోజూ ఇలాగే కొట్టారు. పలక బిగిస్తూ విన్నాం..."

నాకు ఒళ్లు మండిపోయింది.

"నువ్వెళ్లు బాబాయ్. వదిలేసి పోవడం నీకు అలవాటేగా."

ఆయన తల దించుకున్నాడు. వెళ్లలేదు.

పలకకి నోరు ఆనించి, "నాన్నా, నేనే. వస్తున్నా," అన్నాను. చప్పుడు ఆగింది.

పంపు సొరంగం మలుపు అవతల ఉంది. ఇద్దరం అక్కడికి వెళ్లి దాని మూత తీశామో లేదో, పలక దగ్గర కూత మొదలైంది. అదే నీటి కూత... మా చేతుల కింద పంపు చల్లగా, కదలకుండా ఉంది.

పరిగెత్తాం. కోసిన ఉక్కు ముక్క మావైపు పడి ఉంది.

లోపల నలుగురి ఎముకలున్నాయి. నడుముకున్న నంబరు బిళ్లలు చూసి బాబాయ్ ఒక్కొక్కరి పేరూ చెప్పాడు. నాన్న లేడు. మూలమూలా వెతికాను. లేడు.

బయటికొచ్చి ముక్క అంచు తడిమాను. నీటి కోతలో నీళ్లు దూరిన వైపు నున్నగా, బయటపడ్డ వైపు గరుగ్గా ఉంటుంది. నేను కోసిన సగానికి నునుపు మావైపు ఉంది. మిగతా సగానికి... లోపలివైపు.

బాబాయ్ శిలువ గుర్తు వేసుకున్నాడు. "ఇంటికెళ్లగానే తలుపులన్నీ గడియ పెట్టుకో, తల్లీ."

"పెట్టను!" సొరంగమంతా వినపడేలా అరిచాను. "మీరు మూసింది చాలు. మా నాన్న వస్తే తలుపు నేనే తీస్తా!"

దూరంగా, మనుషుల్ని మోసే లిఫ్టు పైకి కదిలింది.

ఆ పూట గనిలోకి దిగింది మేమిద్దరమే.