వానలో తడవని బ్యాగు

"నాడి లేదు మేడం. పోయాడు."

ఇస్త్రీ బల్ల పక్కన వెల్లకిలా పడి ఉన్న టైలర్ మాస్టారి మణికట్టు వదిలేసి, కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు.

ఇన్‌స్పెక్టర్ వాచీ చూసుకుంది. పగలు పదకొండు యాభై ఐదు. ప్రతిదానికీ నిమిషాలతో సహా టైము రాసుకుంటుందని స్టేషన్లో ఆమెకు 'చాదస్తం మేడం' అని పేరు. వెనకాల అనుకుంటారు గానీ, ఆ సంగతి ఆమెకూ తెలుసు.

మూడు నిమిషాలకు హాస్పిటల్ నర్సు వానలో తడిసి ముద్దై పరుగెత్తుకొచ్చింది. మాస్టారి కోటు లోపలి జేబుల్లోని రెండు బ్యాటరీలు లాగేసి, తను తెచ్చినవి తగిలించింది. ఆయన రొమ్ముకు చెవి ఆనించింది.

"తిరుగుతోంది," అంది ఊపిరి వదిలి.

కానిస్టేబుల్ మళ్ళీ మణికట్టు పట్టుకున్నాడు. "ఇప్పుడూ నాడి లేదు మేడం!"

"ఉండదు బాబూ. ఈయన గుండెకి రక్తం తోసే శక్తి లేదు. లోపల చిన్న పంపు పెట్టారు. అది కొట్టుకోదు, ఆగకుండా తిరుగుతుంది. చేతికి నాడి ఎక్కడినుంచి తెలుస్తుంది?"

కానిస్టేబుల్ ముఖం చిన్నబోయింది.

మాస్టారి నడుముకున్న, పంపును నడిపే కంట్రోలర్‌లో అంతా రికార్డయి ఉంది. 11:21కి బ్యాటరీ అలారం. 11:51కి పంపు ఆగింది. 11:58కి మళ్ళీ తిరిగింది. ఆ ఏడు నిమిషాలూ అలిసిపోయిన గుండే ఎలాగో నెట్టుకొచ్చింది.

"స్పేర్ బ్యాటరీలు ఉండవా?"

"ఎందుకుండవు? నల్ల బ్యాగులో ఒక జత ఎప్పుడూ పక్కనే ఉండాలి. అదిగో, ఆ కొక్కేనికి తగిలిస్తారు."

కొక్కెం ఖాళీగా ఉంది.

అంబులెన్స్ మాస్టారిని తీసుకెళ్ళింది. పక్కనే చెప్పుల షాపు నడిపే ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. హాస్పిటల్‌కీ, స్టేషన్‌కీ ఫోన్ చేసింది ఆవిడే.

"బ్యాగు ఎప్పటిదాకా ఉంది?"

"పదింబావుకి చూశానమ్మా. అప్పుడే ఆ బ్యాంకాయన వచ్చి, కోటు బిగుతైందని నానా రభసా చేశాడు. 'నీ అంతు చూస్తా' అని కూడా అన్నాడు."

"ఎటు వెళ్ళాడు?"

"ముందు గుమ్మంలోంచే. మా మెట్లమీద గొడుగు దులిపి మరీ వెళ్ళాడు. చేతిలో గొడుగు తప్ప ఏమీ లేదు."

12:10కి మాస్టారి తమ్ముడు వచ్చాడు. అన్న దగ్గరే కాజాలు, బొత్తాలు కుట్టే పని చేస్తాడు. చేతిలో బొత్తాల పొట్లం. విషయం వినగానే గోడకు జారగిలబడి భోరుమన్నాడు.

"రోజూ పదకొండుంబావుకి నేనే మారుస్తాను మేడం. ఈ రోజు బొత్తాల కోసం వెళ్ళి, వానకి ఇరుక్కుపోయాను. నేనుంటే ఇలా జరిగేదా?"

"ఎప్పుడు బయల్దేరారు?"

"పదీ నలభై."

"అప్పుడు బ్యాగుందా?"

"చూళ్ళేదు. కస్టమర్లు ఎక్కువగా ఉన్నారు. ఏ దొంగ వెధవో పర్సుందనుకుని పట్టుకుపోయుంటాడు."

ఒకటీ పదికి బ్యాగు దొరికింది. షాపు వెనక సందులో, కరెంటు మీటరు పెట్టెలో. కానిస్టేబుల్ దాన్ని పట్టుకుని ఉత్సాహంగా వచ్చాడు.

"దొంగే మేడం! డబ్బుల్లేవని చూసి పారేశాడు."

ఇన్‌స్పెక్టర్ బ్యాగును అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసింది. తర్వాత మూడు చోట్లకు ఫోన్ చేసింది.

సాయంత్రం నాలుగున్నరకు హాస్పిటల్ గదిలో మాస్టారు దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. మంచానికి ఒక పక్క ఆయన భార్య, మరో పక్క తమ్ముడు. గుమ్మంలో నర్సు. ఇన్‌స్పెక్టర్ బ్యాగును మంచం మీద పెట్టింది.

"ఇది ఇలాగే దొరికింది. రెండు పాలిథిన్ కవర్లలో, మూతి గట్టిగా కట్టి, నేలకు తగలకుండా మేకుకు వేలాడదీసి. పొద్దున ఏడింటి నుంచి వాన. చుక్క నీరు లోపలికి పోలేదు. పారేసేవాడికి అది తడిస్తే ఏంటి, తడవకపోతే ఏంటి?"

గుమ్మం వైపు తిరిగింది.

"నర్సమ్మా, ఇంటివాళ్ళకు మీరు నేర్పే మొదటి పాఠం ఏంటి?"

"బ్యాటరీలు తడవకూడదు. బ్యాగు నేలమీద పెట్టకూడదు."

"ఎంతమందికి నేర్పారు?"

"ఇద్దరికే. ఈవిడకీ, తమ్ముడికీ."

తమ్ముడు గబుక్కున అన్నాడు. "వదినకీ అన్నీ తెలుసు మేడం. షాపు తాళం కూడా ఉంది."

ఆవిడ మరిది ముఖంలోకి చూస్తూ ఉండిపోయింది.

"ఆవిడ తొమ్మిది నుంచి పన్నెండు దాకా స్కూల్లో పరీక్ష హాలు డ్యూటీలో ఉంది. నలభైమంది పిల్లలు సాక్షులు," అంది ఇన్‌స్పెక్టర్. "నువ్వు 10:50కి బొత్తాలు కొన్నావు. 11:05 నుంచి పన్నెండు దాటేదాకా రెండు వీధులవతల టీ కొట్టులో కూర్చున్నావు. ఓనరు చెప్పాడు. 11:24కి మీ అన్న ఫోన్ చేశాడు. ఎత్తావు. ఆ సంగతి నాకు చెప్పలేదు. దాచిపెట్టడం నీ ఆలోచనే, కానీ కవర్లు చుట్టింది నీ అలవాటు. రెండేళ్ళుగా ఆ బ్యాగును అంత జాగ్రత్తగా చూసుకున్న చేతులు అలాగే చేశాయి."

తమ్ముడు తల దించుకున్నాడు. మళ్ళీ ఎత్తినప్పుడు కళ్ళలో నీళ్ళు లేవు.

"అప్పుడు డాక్టర్లు నువ్వింక నెలకి మించి బతకవన్నారు కదన్నయ్యా. నువ్వే నా మెడలో టేపు వేశావు. షాపు నీదేరా అన్నావు. ఆర్నెల్లు అందరూ నన్ను మాస్టారూ అన్నారు. తర్వాత పంపు పెట్టించుకుని తిరిగొచ్చి, నా మెడలోంచి టేపు తీసుకున్నావు. ఒక్క మాటైనా అడిగావా? మర్నాటి నుంచి నాకు మళ్ళీ కాజాలు కుట్టే పని. పైగా రోజూ నిన్ను బతికించే పని కూడా నాదే."

మాస్టారు కాసేపు దుప్పటి అంచు నిమురుతూ ఉన్నాడు.

"అడక్కపోవడం నా తప్పే," అన్నాడు. "టేపు కావాలని నోరు తెరిచి ఉంటే ఇచ్చేసేవాణ్ణి. నీకంటే నాకెవరున్నార్రా?"

కానిస్టేబుల్ తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. అప్పుడే కంట్రోలర్ సన్నగా కూసింది. బ్యాటరీ మార్చే వేళ. తమ్ముడు ఏమీ ఆలోచించకుండానే మంచం వైపు ఒక అడుగు వేసి చేతులు చాచాడు. మాస్టారు రెండు చేతులతో కంట్రోలర్‌ని కప్పేసుకుని వెనక్కి జరిగాడు.

నర్సు వచ్చి బ్యాటరీలు మార్చింది. అంతసేపూ తమ్ముడు చాచిన చేతులతో అలాగే నిలబడ్డాడు.

"ఫోన్లో ఐదు నిమిషాల్లో వస్తున్నా అన్నావు," అన్నాడు మాస్టారు. "అలారం మోగుతూనే ఉంది. హాస్పిటల్‌కి ఫోన్ చెయ్యమని పక్క షాపావిడ గోలపెట్టింది. వద్దమ్మా, మా తమ్ముడొస్తున్నాడని నేనే ఆపాను. కళ్ళు తిరిగి పడిపోయేదాకా నాకసలు భయమే వెయ్యలేదురా."